టీవీ రికార్డింగును డీవీడీ చేయాలా? ముందు ఫైలు లోపల ఏముందో చూడండి

నేను మొదటిసారి చేసిన డీవీడీ కంప్యూటర్లో చక్కగా ఆడింది. హాల్లో ఉన్న డీవీడీ ప్లేయర్లో పెడితే మాత్రం కాసేపు గిరగిరా తిరిగి, ఈ డిస్కు చదవలేనని చేతులెత్తేసింది. మూడు గంటల సంగీత కచేరీ రికార్డింగు అది. తప్పు ప్లేయర్‌దీ కాదు, డిస్కుదీ కాదు. నేను ఫైలును డిస్కు మీదికి కాపీ చేశానంతే, డీవీడీ చేయలేదు. ఆ రెండూ వేరు వేరు పనులని అప్పటికి నాకు తెలీదు.

తర్వాత చాలా డిస్కులు పాడుచేశాక అర్థమైంది. అందరం మొదట అడిగే "ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అన్నది నిజానికి మూడో ప్రశ్న. మొదటిది, ఆ డిస్కును ఎవరు, ఏ ప్లేయర్లో పెట్టుకుని చూస్తారు? రెండోది, మీ రికార్డింగు ఫైలు లోపల ఉన్న వీడియో ఏ రకం? ఈ రెండూ తేలితే సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం ఐదు నిమిషాల పని. ఇవి తేలకుండా డబ్బు పెట్టి ప్రోగ్రాం కొన్నా డిస్కులు చెత్తబుట్టలోకే.

అసలు డీవీడీయే కావాలా?

మీ ముందు మూడు దారులున్నాయి: వీడియో డీవీడీ, డేటా డీవీడీ, అసలు డిస్కు లేకుండా పెన్ డ్రైవ్ లేదా బయటి హార్డ్ డిస్క్.

వీడియో డీవీడీ అంటే నియమాల ప్రకారం కట్టిన డిస్కు. అందులో వీడియో టీఎస్ అనే ఫోల్డరు, దాని లోపల వీఓబీ, ఐఎఫ్ఓ, బీయూపీ అనే ఫైళ్లు ఉంటాయి. మామూలుగా బొమ్మ ఎంపెగ్-2 (వీడియోను కుదించే ఒక పాత పద్ధతి) రకంలో ఉంటుంది. సైజు పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) అయితే 720×576, ఎన్టీఎస్సీ (అమెరికా, జపాన్ లాంటి చోట్ల టీవీ పద్ధతి) అయితే 720×480 దాటకూడదు. వీడియో వేగం సెకనుకు 9.8 మెగాబిట్లు మించకూడదు. మొదటి డీవీడీ ప్లేయర్లు 1996లో వచ్చాయి. అప్పటి నియమాలే ఇవి. అందుకే ఈ పద్ధతిలో సరిగ్గా కట్టిన డిస్కును ఎంత పాత ప్లేయరైనా దాదాపుగా ఆడిస్తుంది. మెనూ పెట్టుకోవచ్చు, అధ్యాయాలుగా విడగొట్టుకోవచ్చు.

డేటా డీవీడీలో ఫైలు ఉన్నదున్నట్టు ఉంటుంది. మార్చే పనేమీ లేదు, నాణ్యత పోదు. కంప్యూటర్ చదువుతుంది, కొన్ని ప్లేయర్లు కూడా చదువుతాయి. ఆ "కొన్ని" దగ్గరే తిరకాసు. డివ్ఎక్స్ (ఇంకో వీడియో రకం) గుర్తున్న ప్లేయరు పాత ఏవీఐ ఫైళ్లను ఆడిస్తుంది తప్ప, టీవీ రికార్డింగుల్లో మామూలుగా వచ్చే టీఎస్ ఫైలును ముట్టుకోకపోవచ్చు. నా కచేరీ డిస్కుకు జరిగింది ఇదే. డేటా డీవీడీని దాచుకోవడానికి వాడుకోవచ్చు, ఎవరికైనా ఇవ్వడానికి మాత్రం నమ్ముకోవద్దు.

మూడో దారి గురించి చాలామంది ఆలోచించరు. చూసేవాళ్ల టీవీకి యూఎస్‌బీ పోర్టు ఉంటే ఫైలును పెన్ డ్రైవ్‌లో వేసి గుచ్చి చూడండి. చాలా టీవీలు టీఎస్, ఎంపీ4 ఫైళ్లను నేరుగా ఆడిస్తాయి. మీది హెచ్‌డీ రికార్డింగు అయితే నా ఓటు దీనికే. ఎందుకంటే 1920×1080 బొమ్మలో దాదాపు 20.7 లక్షల చుక్కలుంటాయి. దాన్ని పాల్ డీవీడీ సైజుకు కుదిస్తే 4.15 లక్షలు మిగులుతాయి, అంటే సరిగ్గా ఐదో వంతు. ఎన్టీఎస్సీ అయితే ఆరో వంతే. ఏ ఖరీదైన సాఫ్ట్‌వేరూ ఈ లెక్కను మార్చలేదు. పెద్ద టీవీ మీద క్రికెట్ మ్యాచ్ చూస్తే స్కోరు అంకెల అంచుల్లోనే ఆ తేడా కనిపించిపోతుంది.

అలాంటప్పుడు డీవీడీ ఎందుకంటే, చూసేవాళ్ల దగ్గర డీవీడీ ప్లేయర్ తప్ప ఇంకేమీ లేనప్పుడు. పెన్ డ్రైవ్, ఫోల్డరు అంటే టెన్షన్ పడే పెద్దవాళ్లకు డిస్కు పెట్టి ప్లే నొక్కడం సులువు. మీ రికార్డింగు పాతది, హెచ్‌డీ కానిది అయినప్పుడు కూడా డీవీడీ బాగా నప్పుతుంది. దాని సంగతి ఇప్పుడు చెప్తాను, ఈ వ్యవహారమంతటికీ కీలకం అదే.

పేరు కాదు, లోపలి సరుకు

టీఎస్, ఎంపీజీ, డీవీఆర్-ఎంఎస్, డబ్ల్యూటీవీ: ఫైలు పేరు చివర ఉండే ఇవన్నీ డబ్బా పేర్లు, అంటే వీడియోను, ఆడియోను కలిపి పెట్టే పద్ధతుల పేర్లు. విండోస్ ఎక్స్‌పీ కాలపు మీడియా సెంటర్ (టీవీ చూసి రికార్డు చేసుకునే విండోస్ ప్రోగ్రాం) డీవీఆర్-ఎంఎస్ ఫైళ్లు రాసేది, విండోస్ 7లోది డబ్ల్యూటీవీ రాసేది. టీవీ ట్యూనర్ కార్డులతో వచ్చే ప్రోగ్రాములు ఎక్కువగా టీఎస్ లేదా ఎంపీజీ రాస్తాయి. డబ్బా పేరును బట్టి లోపల ఏ వీడియో ఉందో చెప్పలేం. మీడియాఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రాంలో ఫైలును తెరవండి. వీడియో రకం, సైజు, ఆడియో రకం మూడూ చూపిస్తుంది. ఆ మూడూ కాగితం మీద రాసుకుని మిగతాది చదవండి.

వీడియో ఎంపెగ్-2, సైజు 720×576 లేదా 704×576, ఆడియో 48 కిలోహెర్ట్జ్‌లో ఎంపీ2 లేదా ఏసీ-3 అని వస్తే మీ పంట పండినట్టే. ఎన్టీఎస్సీ ప్రాంతాల్లో అయితే 576 బదులు 480 ఉంటుంది. పాత డిజిటల్ ప్రసారాలు చాలావరకు ఇలాగే వచ్చేవి, డీవీడీకి కావలసింది కూడా ఇదే. అంటే మార్చాల్సిన పనే లేదు, డబ్బా మారిస్తే చాలు. నాణ్యత రవ్వంత కూడా తగ్గదు, గంటల పని నిమిషాల్లో అయిపోతుంది. ఇది తెలియక నేను ఇలాంటి ఫైళ్లనే రాత్రంతా కంప్యూటర్ నడిపి మళ్లీ ఎంపెగ్-2లోకి మార్చాను. జిరాక్స్ కాపీని మళ్లీ జిరాక్స్ తీసినట్టు, ప్రతిసారీ కాస్త మసకబారింది. దీనికి ఇంత సమయం పట్టిందే అని గొప్పగా కూడా చెప్పుకున్నాను, ఏం చేస్తాం.

ఒక చిన్న మెలిక ఉంది. ఎంపెగ్-2యే అయినా సైజు 544×576 లేదా 480×576 అని కనిపిస్తే డీవీడీ నియమాలకు సరిపోదు. ప్రసారం తక్కువ చోటులో సర్దడానికి కొన్ని ఛానళ్లు వెడల్పు ఇలా తగ్గిస్తాయి. అప్పుడు మార్చక తప్పదు. ఆడియో ఏఏసీ అని ఉంటే వీడియోను ముట్టుకోకుండా ఆడియో ఒక్కటి ఏసీ-3కి మార్చుకోవచ్చు. ఎంపీ2 ఆడియోను పాల్ ప్లేయర్లు ఆడిస్తాయి, ఎన్టీఎస్సీ ప్లేయర్లన్నీ ఆడించాలనే నియమం లేదు. అనుమానముంటే ఏసీ-3యే క్షేమం.

వీడియో హెచ్.264 అనో హెచ్ఈవీసీ అనో (ఇవి కొత్త కుదింపు పద్ధతులు) వస్తే పూర్తిగా మార్చాల్సిందే. చాలా దేశాల్లో హెచ్‌డీ ఛానళ్లు ఎక్కువగా ఈ గుంపులోకే వస్తాయి. దీనికి సమయం పడుతుంది, నాణ్యత తగ్గుతుంది. తగ్గేది ఎంత అన్నది మీరిచ్చే బిట్‌రేట్ (ఒక్కో సెకనుకు కేటాయించే బిట్లు) మీద ఆధారపడి ఉంటుంది.

ఇక నాలుగో రకం, తాళం వేసిన ఫైళ్లు. సెట్‌టాప్ బాక్సుకో టీవీకో హార్డ్ డిస్క్ తగిలించి రికార్డు చేసినవి చాలావరకు ఆ పెట్టెలో తప్ప ఇంకెక్కడా ఆడవు. మీడియా సెంటర్‌లో కూడా కాపీ రక్షణ ఉన్న ఛానళ్ల రికార్డింగులు వాటిని రికార్డు చేసిన కంప్యూటర్లోనే ఆడతాయి. పరీక్ష సులువు: ఫైలును వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్ ప్రోగ్రాంలో తెరవండి. బొమ్మ రాకపోతే ఏ కన్వర్టరూ పనిచేయదనే అనుకోండి. తాళం తీస్తామని డబ్బులడిగే ప్రోగ్రాముల జోలికి పోవద్దు. తాళం పగలగొట్టడం చాలా దేశాల్లో నేరం కూడా.

విండోస్‌లో మొదటినుంచీ ఉన్నదాంతో పని కాదా?

ఒకప్పుడు అయ్యేది. విండోస్ విస్టా, 7ల్లోని కొన్ని ఎడిషన్లలో విండోస్ డీవీడీ మేకర్ అనే ప్రోగ్రాం ఉండేది. విండోస్ 7లో డబ్ల్యూటీవీ ఫైలు మీద కుడి క్లిక్ కొట్టి డీవీఆర్-ఎంఎస్‌గా మార్చుకునే వీలూ ఉండేది. విండోస్ 8 నుంచి డీవీడీ మేకర్ లేదు, విండోస్ 10లో మీడియా సెంటరే తీసేశారు. పాత సలహాలు చదివి ఈ మెనూల కోసం వెతికి అలసిపోవద్దు. పాత విండోస్ 7 కంప్యూటర్ ఇంకా పనిచేస్తుంటే, ఆ రికార్డింగులు అందులోనే ఉంటే మాత్రం అక్కడే పని కానిచ్చేయడం తెలివైన పని.

ఏ సాఫ్ట్‌వేర్ ఎవరికి

ముందు ఒక అపోహ సంగతి. కన్వర్టర్ అనగానే చాలామంది చెప్పే పేరు హ్యాండ్‌బ్రేక్. మంచి ప్రోగ్రామే, నేను వాడతాను. కానీ అది ఎంపీ4, ఎంకేవీ, వెబ్ఎం ఫైళ్లు చేస్తుంది తప్ప డీవీడీ చేయదు. డీవీడీ నుంచి ఫైలు చేసుకోవడానికి పనికొస్తుంది, మనది దానికి ఎదురు ప్రయాణం.

ఎక్కువమందికి నేను చెప్పేది డీవీడీస్టైలర్. ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. ఫైళ్లను లాగి పడేస్తే మార్చడం, మెనూ కట్టడం, డిస్కు రాయడం అన్నీ తనే చేసుకుంటుంది. రూపం పాతబడింది, మెనూ డిజైన్లు చూస్తే ఎప్పటివో అనిపిస్తాయి. అయినా దీన్నే చెప్పడానికి కారణం ఉంది. ప్రతి ఫైలు వివరాల్లోనూ వీడియోను మార్చకుండా ఉన్నదున్నట్టు కాపీ చెయ్యి అనే వీలుంది. పైన చెప్పిన మొదటి రకం ఫైళ్లున్నవాళ్లు ఆ ఒక్క ఎంపిక పెట్టుకోవడం మర్చిపోవద్దు. ఈ ప్రోగ్రాములన్నీ వాటి సొంత సైట్ల నుంచే దింపుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వేరే ప్రోగ్రాములు కూడా వేయనా అని అడిగితే ఆ టిక్కులు తీసేయండి.

హెచ్‌డీ రికార్డింగులు బోలెడు ఉన్నవాళ్లకు, విండోస్ వాడేవాళ్లకు ఏవీఎస్‌టూడీవీడీ నయం. ఇదీ ఉచితమే. డిస్కులో సరిగ్గా పట్టేలా బిట్‌రేట్ లెక్క తనే వేస్తుంది, ఏ ఎన్‌కోడర్ (వీడియోను మార్చే భాగం) వాడాలో మనల్ని ఎంచుకోనిస్తుంది. కాకపోతే తెర నిండా ఆప్షన్లే. మొదటిసారి తెరిచినప్పుడు నేను మూసేసి వెళ్లిపోయాను, వారం తర్వాత మళ్లీ తెరిచాను.

డబ్బు పెట్టేవాళ్లకు రెండు పేర్లు చెప్తాను. కన్వర్ట్‌ఎక్స్‌టూడీవీడీ దాదాపు ఏ ఫైలు ఇచ్చినా పెద్దగా ప్రశ్నలడక్కుండా డిస్కు చేసిపెడుతుంది, ఓపిక లేనివాళ్లకు అది చాలు. ప్రకటనలు ఎక్కువగా కత్తిరించే పని ఉంటే మాత్రం టీఎంపీజీఎన్క్ ఆథరింగ్ వర్క్స్ చూడండి. అది డీవీడీకి సరిపోయే వీడియోలో కోత పెట్టిన చోటు చుట్టూ ఉన్న కాస్త భాగాన్ని మాత్రమే మారుస్తుంది, మిగతాది అలాగే ఉంచుతుంది. ఒకటి రెండు డిస్కుల కోసం ఈ రెండూ కొనడం నాకైతే దండగే.

కమాండ్ లైన్ (ఆదేశాలు టైప్ చేసి పని చేయించే పద్ధతి) అంటే భయం లేకపోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉంది. డబ్ల్యూటీవీ ఫైలును కూడా తెరుస్తుంది. టార్గెట్ అనే ఆప్షన్‌లో పాల్-డీవీడీ అని ఇస్తే సైజు, ఫ్రేములు, ఆడియో అన్నీ డీవీడీ నియమాల్లోకి తెస్తుంది. కానీ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. అది ఇచ్చేది ఎంపీజీ ఫైలు మాత్రమే, డీవీడీ ఫోల్డరు కట్టడానికి డీవీడీఆథర్ లాంటి ఇంకో ప్రోగ్రాం కావాలి. ఇక మనం ఏమీ చెప్పకపోతే వీడియోకు సెకనుకు 6 మెగాబిట్లు, ఆడియోకు 448 కిలోబిట్లు పెట్టేస్తుంది. ఆ లెక్కన రెండు గంటల కార్యక్రమం దాదాపు 5.8 జీబీ అవుతుంది. మామూలు డిస్కులో పట్టదు.

ఒక డిస్కులో ఎన్ని గంటలు?

మామూలు డిస్కు మీద 4.7 జీబీ అని రాసి ఉంటుంది, విండోస్ మాత్రం 4.37 అని చూపిస్తుంది. ఎవరూ మోసం చేయలేదు, లెక్కపెట్టే పద్ధతి వేరంతే. ఆ 4.7 జీబీని ఒక గంటకు పంచితే సెకనుకు 10 మెగాబిట్ల పైనే వస్తుంది, అంటే డీవీడీ పెట్టుకున్న గరిష్ఠ పరిమితి దాకా వెళ్లొచ్చు. రెండు గంటలకు పంచితే ఆడియోతో కలిపి 5.2, మూడు గంటలకు 3.5, నాలుగు గంటలకు 2.6.

నా కంటికి రెండు గంటలు హాయిగా ఉంటుంది. మూడు గంటలు కార్యక్రమాన్ని బట్టి ఉంటుంది. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే ముఖాముఖి అయితే 3.5 మెగాబిట్లలో కూడా బాగానే వస్తుంది. ఆటల పోటీలు, నాట్యం, మెరిసే లైట్ల వేదికలు అయితే బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. నాలుగు గంటలు ఇరికించాలంటే 352×576 సైజుకు తగ్గించడం ఒక పద్ధతి. వెడల్పు సగమైనా గళ్లు తగ్గి, చూడ్డానికి కాస్త మెరుగ్గానే ఉంటుంది. దానికన్నా రెండు డిస్కులు చేయడం మేలు. 8.5 జీబీ రెండు పొరల డిస్కులు కూడా ఉన్నాయి, కానీ కొన్ని పాత ప్లేయర్లు వాటితో ఇబ్బంది పెడతాయి. ఎన్‌కోడర్ టూ పాస్ (వీడియోను రెండుసార్లు చదివి మార్చడం) అని అడిగితే సరేననండి. సమయం ఎక్కువైనా, కష్టమైన దృశ్యాలకు ఎక్కువ చోటు, తేలిక దృశ్యాలకు తక్కువ చోటు పంచుతుంది.

మాట ఒకచోట, పెదవి ఒకచోట

డీవీడీ చేసినవాళ్లు ఎక్కువగా ఏడ్చేది దీని గురించే. మొదట్లో బాగానే ఉంటుంది, గంట గడిచేసరికి మాట ముందు, నోరు తర్వాత. ప్రసారం సరిగ్గా అందక రికార్డింగులో చిన్న చిన్న ముక్కలు ఎగిరిపోవడమే దీనికి తరచుగా కారణం. వీడియోలో పోయిన ముక్క, ఆడియోలో పోయిన ముక్క ఒకే పొడవు ఉండవు. మార్చేటప్పుడు ఆ ఖాళీలను పట్టించుకోకుండా కలిపేస్తే తేడా పేరుకుంటూ పోతుంది. డిస్కు పూర్తయ్యాక ఏమీ చేయలేం.

అందుకే ముందు సరిచేయడం, తర్వాత కత్తిరించడం, ఆ తర్వాతే మార్చడం. ఎంపెగ్-2 ఫైళ్లకు ప్రాజెక్ట్ఎక్స్ అనే పాత జావా ప్రోగ్రాం ఉంది. చూడ్డానికి మొరటుగా ఉంటుంది కానీ ఖాళీలను పూడ్చి ఆడియోను దారిలో పెట్టడంలో దాని పనితనం మీద నాకు నమ్మకం. హెచ్.264 ఫైలునైతే ముందు ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో ఇంకో డబ్బాలోకి మార్చి, ఆ ఫైలును మొదట్లో, నడుమ, చివర్లో చూసుకోండి. అక్కడ సరిగ్గా ఉంటేనే ముందుకు వెళ్లండి.

ప్రకటనలు కత్తిరించడానికి లాస్‌లెస్‌కట్, ఎవిడెమక్స్ ఉన్నాయి, రెండూ ఉచితం. వీడియోను మార్చకుండా కోస్తే కోత కీఫ్రేముల (పూర్తి బొమ్మ దాచి ఉన్న ఫ్రేముల) దగ్గరే పడుతుంది. ఎంపెగ్-2లో అవి దగ్గరదగ్గరగా, మామూలుగా అర సెకనుకొకటి చొప్పున ఉంటాయి కాబట్టి పెద్ద నష్టమేమీ లేదు. హెచ్.264 ప్రసారాల్లో అవి ఇంకా దూరంగా ఉండొచ్చు. ప్రకటన తోక ఒకటి రెండు సెకన్లు మిగిలినా పర్వాలేదనుకోండి, కార్యక్రమం మొదటి మాట తెగిపోతేనే బాధ.

ముట్టుకోకూడనివి

టీవీ ప్రసారాలు చాలావరకు ఇంటర్‌లేస్డ్, అంటే ఒక్కో బొమ్మ బేసి గీతలు, సరి గీతలుగా రెండు సగాల్లో వస్తుంది. కంప్యూటర్ తెర మీద ఆగిన బొమ్మలో దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపించేది అందుకే. అవి చూసి కంగారుపడి డీఇంటర్‌లేస్ (ఆ సగాలను ఒకటిగా కలిపేసే) టిక్కు పెట్టొద్దు. డీవీడీ ఆ సగాలను అలాగే దాచుకోగలదు, టీవీ వాటిని సరిగ్గా చూపించగలదు. వాటిని అలా కలిపేస్తే క్రికెట్ బంతి, పరుగు, కింద పారే అక్షరాలు అన్నీ కుదుపుగా మారతాయి. సగాల వరుస తారుమారైనా అంతే, కదిలే ప్రతిదీ వణుకుతుంది. టీవీ రికార్డింగుల్లో మామూలుగా పై గీతతో మొదలయ్యే సగమే (టాప్ ఫీల్డ్) ముందు వస్తుంది.

అలాగే సెకనుకు 25 ఫ్రేముల రికార్డింగును పాల్‌గానే ఉంచండి, 29.97 ఫ్రేములది ఎన్టీఎస్సీగానే ఉంచండి. దాన్ని దీనిగా మారిస్తే కదలిక పాడవుతుంది. ఇక 16:9 కార్యక్రమానికి 4:3 అని పెట్టారంటే మనుషులంతా సన్నగా, పొడుగ్గా సాగిపోతారు. డీవీడీలో రెండింటికీ చుక్కల సంఖ్య ఒకటే. ఎలా పరచాలో చెప్పేది ఆ ఒక్క గుర్తే.

డిస్కు రాయడం

ఫోల్డరు తయారయ్యాక డిస్కుకు ఎక్కించడానికి విండోస్‌లో ఇమ్‌గ్‌బర్న్ చాలు. దాని చివరి వెర్షన్ 2013లో వచ్చింది, ఇప్పటికీ పని చేస్తోంది. లినక్స్‌లో కే3బీ, బ్రాసెరో ఉన్నాయి. డ్రైవు లేని ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ డీవీడీ రైటర్ తగిలిస్తే సరిపోతుంది.

ఖాళీ డిస్కుల్లో డీవీడీ మైనస్ ఆర్, ప్లస్ ఆర్ అనే రెండు రకాల మధ్య పెద్ద తేడా చూసుకోనక్కర్లేదు. చాలా పాత ప్లేయర్ అయితే మైనస్ ఆర్ కాస్త నమ్మకం. వేగం 4ఎక్స్ లేదా 8ఎక్స్ పెట్టండి, 4ఎక్స్‌లో నిండు డిస్కుకు పావుగంట పడుతుంది. రాశాక సరిచూసే వెరిఫై ఆప్షన్ తీసేయకండి. డిస్కు మీద కాగితం లేబుల్ అంటించొద్దు, బరువు ఒకవైపు ఒరిగి తిరగడంలో తేడా వస్తుంది. పేరు డిస్కుల కోసం అమ్మే మార్కర్‌తో రాయండి.

ఒకే రకం డిస్కులు పది చేయాల్సి ఉంటే మొదటిది తిరిగి రాసుకోగల ఆర్‌డబ్ల్యూ డిస్కు మీద చేసి, చూసేవాళ్ల ప్లేయర్‌లోనే పెట్టి చూడండి. మెనూ తెరుచుకుందా, చివరి పది నిమిషాల్లో మాట, పెదవి కలిసే ఉన్నాయా అన్నవి చూస్తే చాలు. కొన్ని పాత ప్లేయర్లు ఆర్‌డబ్ల్యూను చదవవు. అలా మొరాయిస్తే మీ పని తప్పని అనుకోకుండా ఒక మామూలు డిస్కు మీద రాసి మళ్లీ పెట్టి చూడండి. అసలు రికార్డింగు ఫైలును మాత్రం ఆ పరీక్ష అయ్యేదాకా చెరపకండి. నా కచేరీ ఫైలును నేను డిస్కు రాసిన రోజే చెరిపేశాను. కాపీయే కాబట్టి ఆ డేటా డిస్కులోంచి తిరిగి తీసుకోగలిగాను. అదే నాణ్యత తగ్గించి చేసిన వీడియో డీవీడీ అయ్యుంటే, నా దగ్గర ఆ తగ్గిన బొమ్మ ఒక్కటే మిగిలేది.